పాత సర్ఫ్‌బోర్డుకు కాలితాడు
తిరుపతిలో సముద్రమెక్కడుందని నవ్వకండి, ఆదివారమైతే అలల మీద సర్ఫింగ్ చేయడానికి చెన్నై పక్కనున్న కోవళం పోయొచ్చేవాళ్లం ఉన్నాం ఇక్కడ. పాత బోర్డుల్లో కొన్నిటికి లీష్ (బోర్డును మన కాలికి కట్టే తాడు) తగిలించే ప్లగ్, అంటే బోర్డులో దిగి ఉండే చిన్న గిన్నెలాంటి బిగింపు, ఉండదు. అలాగని స్క్రూ బిగించేయకండి, ఆ సందులోంచి నీళ్లు దిగి లోపలి ఫోమ్ పాడవుతుంది. తోక దగ్గర పైవైపున, మధ్య చెక్క పట్టీ పక్కనే, ప్లగ్ సైజుకు సరిగ్గా గుంత తొలిచి (బోర్డు అడుగుభాగం దాకా పోనివ్వద్దు!) ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడే జిగురుతో కూర్చోబెట్టండి. పాలియెస్టర్ రెజిన్ చవకే కానీ, లోపల థర్మాకోల్ రకం ఫోమ్ ఉంటే దాన్ని కరిగించేస్తుంది. ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి, మన ఎండలో మాత్రం పెట్టొద్దు. లీష్‌ను ప్లగ్‌కు కలిపి కట్టే సన్నతాడు పొట్టిగా ఉండాలి. అది బోర్డు అంచు మీదికొస్తే లాగినప్పుడల్లా అంచును కోసేస్తుంది.