బ్రష్‌తో గ్లేజ్ వేస్తుంటే చారలు పడుతున్నాయా? కొంచెం జిగురు కలిపి చూడండి

ఒకసారి కాల్చిన మట్టి కప్పు మీద బ్రష్ పెట్టగానే గ్లేజ్ (కాలిస్తే గాజులా అయ్యే పూత) అక్కడికక్కడే పట్టేసుకుంటుంది, రెండంగుళాలు కూడా లాగలేం, ఒకచోట మందం ఇంకోచోట పలచన, కిలన్‌లోంచి, అంటే కాల్చే బట్టీలోంచి తీశాక చూస్తే అన్నీ చారలే. తప్పు మీ చేతిది కాదండీ, బిస్క్, అంటే ఒకసారి కాల్చిన మట్టి, నీళ్లని లాగేసుకుంటుంది అంతే. సెల్యులోజ్ నుంచి చేసే సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) గమ్ అనే జిగురు పొడి కలిపితే గ్లేజ్ నీళ్లని అంత త్వరగా వదలదు, బ్రష్ జారుతుంది, ఆరాక పొర చేతికి పొడిలా రాలదు కూడా.

ముందు జిగురు నీళ్లు చేసుకోవాలి. లీటరు వేడినీళ్లకి 15 గ్రాముల గమ్. మొత్తం ఒకేసారి కుమ్మరించారో, ఉండలే ఉండలు. పైన జిగురు, లోపల పొడి. నేను మొదటిసారి అదే చేసి గంటసేపు గరిటెతో కుస్తీ పట్టాను. నీళ్లు తిప్పుతూ కొంచెం కొంచెం చల్లండి, తర్వాత రాత్రంతా వదిలేయండి, మిగిలిన ఉండలు పొద్దునకి వాటంతటవే నానిపోతాయి.

కిలో పొడి గ్లేజ్‌కి ఈ నీళ్లు 650 మిల్లీలీటర్ల దాకా పోస్తే గమ్ సుమారు 1 శాతం పడినట్టు. గ్లేజ్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ తప్పనిసరి. కలిపి 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడ పట్టండి, చిక్కగా ఉంటే మామూలు నీళ్లు పోసి గోడ పెయింట్ లాగా చేసుకోండి.

ఇక వేయడం. కప్పుని తడి స్పాంజ్‌తో తుడిచి దుమ్ము పోగొట్టి, మెత్తటి వెడల్పు బ్రష్ నిండా ముంచి ఒక కోటు అడ్డంగా, అది తడి మెరుపు పోయాక రెండోది నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా. ఆరకముందే తొందరపడితే కింది పొర లేచి వచ్చేస్తుంది. అడుగున మాత్రం గ్లేజ్ ఉండకూడదు, కాల్చేటప్పుడు కిలన్ షెల్ఫ్‌కి అతుక్కుంటుంది.

కప్పుని గ్లేజ్‌లో ముంచి తీసే బకెట్‌లో మాత్రం ఈ జిగురు కలపొద్దు, కారుతూనే ఉంటుంది, ఎంతకీ ఆరదు. బ్రష్ గ్లేజ్‌కి వేరే సీసా పెట్టుకోండి.

గమ్ కిలన్‌లో కాలిపోతుంది, కాబట్టి గదికి గాలి ఆడేలా చూసుకోండి. సీసాలో ఉండగా మాత్రం బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది, కొన్ని వారాలకి కుళ్లు వాసన వచ్చి గ్లేజ్ నీళ్లలా పలచబడుతుంది, అందుకే కొంచెం కొంచెమే చేసుకోవడం మేలు. అలా అయినా పారబోయకండి, మట్టి, ఖనిజాలు చెడిపోవు కదా, పైకి తేలిన నీళ్లు వంపేసి కొత్త జిగురు నీళ్లు పోసి కలిపితే మళ్లీ పనికొస్తుంది.