పండు ఈగలకు చక్కెర మేత పెట్టి జన్యువుల స్పందన కొలవడం

లీటరు మేతకు మామూలు గుంపుకు 51 గ్రాముల సుక్రోజ్ (0.15 మోలార్ గాఢత), చక్కెర గుంపుకు 342 గ్రాములు (1 మోలార్) వేయండి. ఈస్ట్, అగర్ (మేతను గడ్డకట్టించే పొడి) రెండు గుంపులకీ సమానం. చక్కెర చాలా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నీళ్లు చివర్లో పోసి లీటరుకు సరిచేయండి.

సీసాకు గుడ్లు లెక్కపెట్టి వేయండి. ఎక్కువ చక్కెర తిన్న లార్వాలు (గుడ్ల నుంచి వచ్చే పురుగులు) ఆలస్యంగా ఎదుగుతాయి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. రోజులు చూసి కాదు, లార్వాలు మేత వదిలి సీసా గోడెక్కే మూడో దశ చూసి ఏరండి. లేకపోతే ఎదుగుదల తేడానే చక్కెర ప్రభావమని పొరబడతారు.

ఒంటికంటిన మేత కడిగేసి, పదేసి లార్వాలను ట్రైజాల్‌లో (కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏను తీసే ద్రావణం) నూరండి. ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏస్ (మిగిలిన డీఎన్‌ఏను తొలగించే ఎంజైమ్) పట్టించాకే సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) చేయండి. క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష) పోలిక కోసం వాడే ఆర్‌పీ49 జన్యువు ఒక్కదాన్నే నమ్మకండి, మరో ప్రామాణిక జన్యువునూ పెట్టండి.

పెద్ద ఈగలతోనైతే విడిగా నీళ్లు అందించండి. దాహం కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.