ఒడియా ఊళ్లో తెలుగువారి మాట: బిడియం లేకుండా పని జరిపించుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వరకు నివసించే తెలుగువారిలో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుంది. ఇంట్లోనూ పెళ్లిపందిట్లోనూ గలగలా మాట్లాడే మనిషి, తహసీల్ కార్యాలయంలో గుమస్తా బల్ల ముందు నిలబడేసరికి మాట తగ్గించి, ఆయన ఏం చెప్పినా "హఁ ఆజ్ఞా" (అలాగేనండీ) అంటూ తల ఊపి, బయటికి వచ్చాక "ఇంతకీ ఆయన ఏమన్నాడు?" అని పక్కవారిని అడుగుతాడు. ఒడియా సరిగా రాకపోవడమే దీనికి కారణమని చాలామంది చెబుతారు గాని, నేను ఒప్పుకోను. ఈ జిల్లాల్లో పుట్టి పెరిగిన తెలుగువారిలో చాలామందికి పని జరిపించుకోవడానికి చాలినంత ఒడియా వచ్చు. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని నిలబడి అడిగే అలవాటు మాత్రం లేదు. ఆ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతావన్నీ వాటంతట అవే చక్కబడతాయని నా నమ్మకం. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతాను.

పిలుపులో మర్యాద

ముందుగా పిలుపు సంగతి. మన వాడుకలో మీరు, నువ్వు అని రెండు మెట్లుంటే, ఒడియాలో ఆపణ, తుమే, తు అని మూడున్నాయి. 'తుమే' అన్నది మన 'మీరు'కు సరిపోతుందనుకుని పెద్దవారిని కూడా అలాగే సంబోధించేవారు మనలో ఎందరో ఉన్నారు. ఎదుటివారు పైకి ఏమీ అనకపోయినా మనసులో చివుక్కుమంటుంది. క్రియ కూడా పిలుపును బట్టి మారుతుంది: 'ఆపణ ఆసిలే', 'తుమే ఆసిల', 'తు ఆసిలు'. ముఖపరిచయం లేని ప్రతివారితోనూ, వారు అధికారి అయినా, తలుపు దగ్గర నిలబడే ప్యూను అయినా, 'ఆపణ'తోనే మొదలుపెట్టండి. చనువు పెరిగాక వారే తగ్గించమంటారు. ఉద్యోగులను ఇంటిపేరుకు 'బాబు' చేర్చి, పండా బాబు, మిశ్ర బాబు అని పిలవడం అక్కడి మర్యాద. మనం చిన్నపిల్లలను బాబు అంటాం కదా అని వెనకాడనవసరం లేదు.

అర్థం కానప్పుడు

నివాస ధ్రువపత్రం కోసం మీరు వెళ్లారనుకుందాం. గుమస్తా తల ఎత్తకుండానే "పురుణా రసిద్ ఆణంతు, ఆర్.ఐ. రిపోర్ట్ ఆసిలే హెబ" అని చెప్పి తరువాతి మనిషి వైపు తిరుగుతాడు. పాత రసీదు తీసుకురావాలని, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నివేదిక వచ్చాకే పని జరుగుతుందని మీకు తెలిసింది. కాని అసలు తెలియవలసినవి రెండు మిగిలిపోయాయి. రసీదు దేనికి సంబంధించినది, భూమి పన్నుదా, ఇంటి పన్నుదా? ఆర్.ఐ. దగ్గరికి మీరు వెళ్లాలా, కార్యాలయమే కాగితం పంపుతుందా? ఈ రెండు తెలుసుకోకుండా వెనుదిరిగితే ఒక వారం పోతుంది, ఆ తరువాత మరొక వారం పోతుంది, చివరికి మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టవలసి వస్తుంది. మన జిల్లాల్లో మధ్యవర్తుల బతుకు తెరువు చాలావరకు ఇలా అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నల మీదే నడుస్తోందని చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

అందుకని, విన్న మాటను మీ నోటితో తిరిగి చెప్పండి. "ఆజ్ఞా, ముఁ పురుణా రసిద్ ఆణిబి. ఆర్.ఐ. పాఖకు ముఁ జిబి, నా ఆపణ పఠాఇబె?" అంటే, పాత రసీదు తెస్తానండీ, ఆర్.ఐ. దగ్గరికి నేను వెళ్లాలా, తమరే పంపుతారా అని. ఇలా అడిగినప్పుడు ఎంత విసుగులో ఉన్న గుమస్తా అయినా ఒక్క మాటలో జవాబు చెబుతాడు, ఎందుకంటే మీరు ఆయన చెప్పింది శ్రద్ధగా విన్నారని ఆ ప్రశ్నే చూపిస్తుంది. మాట అసలే అందకపోతే "ఆజ్ఞా, ముఁ బుఝి పారిలి నాహిఁ, టికే ధీరే కహిబె?" అనండి. అర్థం కాలేదు, కొంచెం నెమ్మదిగా చెబుతారా అని దీని భావం. ఈ రెండు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేటంతగా ఇంట్లో బిగ్గరగా పలికి చూసుకోండి. తప్పు పలుకుతామేమోనన్న భయం జనం ముందు మొదటిసారి పలకడం వల్లనే కలుగుతుంది. ఇంట్లో పదిసార్లు పలికిన వాక్యానికి ఆ భయం ఉండదు.

ఉచ్చారణలో సరిదిద్దుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. మాట్లాడే తెలుగులో మనం వత్తులు వదిలేస్తాం. ఒడియాలో వదిలితే అర్థమే మారిపోతుంది. 'భాత' అంటే అన్నం, వత్తు లేకుండా 'బాత' అంటే వాతరోగం. ఘర, ఖబర, ధాన, భల వంటి రోజువారీ మాటలు రాసుకుని వత్తులు నొక్కి పలకడం సాధన చేస్తే మీ ఒడియా ఒక్క నెలలో సగం మెరుగుపడుతుంది. అకారాన్ని వారు ఒకారం వైపు గుండ్రంగా పలకడం మనకు వెంటనే పట్టుబడదు. అది రాకపోయినా పనికి అడ్డం రాదు కనుక దాని గురించి దిగులు వద్దు.

కాగితం, పేరు

మాటతో ఆగకుండా కాగితం మీద కూడా పట్టు ఉండాలి. దరఖాస్తు ఇచ్చిన చోట అందినట్లు రసీదు తప్పక తీసుకోండి. 2012 నాటి ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం కిందికి వచ్చే సేవలకు గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే పై అధికారికి అప్పీలు చేసుకునే దారి ఉంది గాని, మీరు దరఖాస్తు ఏ రోజున ఇచ్చారో చూపించే కాగితం లేకపోతే ఆ దారి మూసుకున్నట్లే. ఇక తెలుగులో రాసి ఇవ్వవచ్చా అని అడిగేవారున్నారు. ఫిర్యాదు పరిష్కారం కోసం ఇచ్చే వినతిపత్రాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం కల్పిస్తోంది. హక్కు ఉంది కనుక దాన్ని మరిచిపోవద్దు. పని త్వరగా కావాలనుకున్నప్పుడు మాత్రం ఒడియా ప్రతిని పైన పెట్టి తెలుగు ప్రతిని దానికి జతచేయడం మంచిదని నా సలహా.

పేరు విషయంలో మనవారు పడే ఇబ్బంది ఇంతా అంతా కాదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. వారి పద్ధతిలో సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. పదో తరగతి ధ్రువపత్రంలో 'కె. అప్పారావు' అని ఉన్నవారి పేరు ఆధార్‌లో 'అప్పారావు కె' అయి, బ్యాంకులో 'అప్పా' ఒక మాటగా, 'రావు' ఇంటిపేరుగా విడిపోతుంది. మూడు కాగితాల్లో ఒకే మనిషి ముగ్గురు మనుషులుగా మారిపోతాడు. పిల్లలను బడిలో చేర్చే రోజునే ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించి, అదే వరసను అన్ని చోట్లా పాటించండి. దరఖాస్తు నింపేవారికి ఏది ఇంటిపేరో వేలుపెట్టి చూపించండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు మొదటి రోజునే, తమను ఏ పేరుతో పిలవాలో నవ్వుతూ చెప్పడం అవసరం. లేకపోతే అందరూ 'రావు బాబు' అంటారు. ఒకే విభాగంలో ఇద్దరు రావులు ఉంటే ఒకరి ఫైలు మరొకరి బల్ల మీదికి చేరుతుంది, ఒకరి పొరపాటు మరొకరి మెడకు చుట్టుకుంటుంది.

పనిచేసే చోట

దుకాణమైనా, కాగితపు మిల్లు అయినా, సునాబెడలోని విమాన ఇంజిన్ల కర్మాగారమైనా, ఇద్దరు తెలుగువారు కలిస్తే తెలుగులోనే మాట్లాడుకుంటారు. అది సహజం, తప్పు కాదు. అయితే మూడో మనిషి ఒడియా ఆయన పక్కనే కూర్చుని ఉండగా పని గురించి తెలుగులో మాట్లాడుకుంటే, తనను గురించే ఏదో అనుకుంటున్నారన్న అనుమానం అతనికి కలగడం కూడా అంతే సహజం. ఇంటి కబుర్లు తెలుగులో చెప్పుకోండి. పని మాట వచ్చేసరికి అందరికీ తెలిసిన భాషలోకి మారండి. మారడం వీలు కానప్పుడు, మాట ముగియగానే అతని వైపు తిరిగి, అనుకున్నదేమిటో ఒక వాక్యంలో ఒడియాలో చెప్పండి. ఈ చిన్న మర్యాద మీద సంవత్సరాల తరబడి నమ్మకం నిలుస్తుంది.

సమావేశంలో మాట్లాడవలసి వస్తే ఉపన్యాసం తయారుచేసుకోకండి. ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్న మూడు వాక్యాలను ముందురోజు ఒడియాలో రాసుకుని, సహోద్యోగి ఒకరికి చూపించి దిద్దించుకోండి. దిద్దించుకోవడాన్ని చిన్నతనంగా తలచవద్దు. మీ మాటను దిద్దిన మనిషి సభలో మీ పక్షాన ఉంటాడు.

యాసను వెక్కిరించేవారు ఎక్కడైనా ఉంటారు. నలుగురిలో వెక్కిరిస్తే కోపగించుకోవద్దు, తలదించుకోనూ వద్దు. "ఎలా పలకాలో చెప్పండి" అని శాంతంగా అడిగి, వారు చెప్పినట్లు పలికి, ఆగిన మాట దగ్గరి నుంచే కొనసాగించండి. అదే మనిషి మళ్లీ మళ్లీ అవమానిస్తుంటే విడిగా కూర్చోబెట్టి, అది మిమ్మల్ని బాధిస్తోందని స్పష్టంగా చెప్పాలి. అప్పటికీ మానకపోతే పై అధికారికి రాసి ఇవ్వాలి. మనం ఇక్కడ నిన్న మొన్న వచ్చిన అతిథులం కామని గుర్తుంచుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి 1894లో బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టినవారే. రెండేళ్లకొకసారి ఊరంతా కలిసి జరుపుకునే గ్రామదేవత బుఢీ ఠాకురాణి యాత్రలో తెలుగు నేతపనివారి పెద్ద అయిన దేశిబెహెరాకు ఉన్న స్థానం బరంపురంలో ఎవరిని అడిగినా చెబుతారు.

లిపి నేర్చుకోవడం

మాట వచ్చి చదవడం రానివారు మనలో చాలా ఎక్కువ. బస్సు బోర్డు, భూమి పట్టా, నోటీసు బల్ల, విద్యుత్ బిల్లు మీది అంకెలు, ఇవన్నీ చదవడం వస్తే ఇతరుల మీద ఆధారపడడం సగానికి తగ్గుతుంది. ఒడియా అక్షరాల వరస మన వరసే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. మనలాగే వారికీ ణ, ళ ఉన్నాయి, పదాల చివర అచ్చు పలుకుతుంది. హిందీలో లాగా క్రియకు ఆడ మగ తేడా లేదు. రోజుకు ఐదు అక్షరాల చొప్పున నేర్చుకుని, దారిలో కనిపించే ప్రతి బోర్డునూ చదువుతూ పోతే, పెద్ద వయసువారికైనా రెండు మూడు నెలలు చాలు. ముందుగా అంకెలు నేర్చుకోండి, వాటి అవసరం రోజూ ఉంటుంది.

పిల్లల విషయంలో దీన్ని వాయిదా వేయకూడదు. ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలన్న నిబంధన ఉంది. ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక విషయంగా ఉత్తీర్ణులై ఉండాలని ప్రకటనల్లో అడుగుతారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది కనుక, తెలుగు మాధ్యమం బడి ఉన్నచోట దాన్ని నిలుపుకుంటూనే, మొదటి నుంచి ఒడియాను కూడా గట్టిగా నేర్పించండి. పర్లాకిమిడిలో చరిత్ర బోధించిన గిడుగు రామమూర్తి పంతులు కొండల మీది సవరల భాషను వారి నోటి నుంచే నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం వెలువరించారు. వ్యావహారిక తెలుగు కోసం అంతగా పోరాడిన ఆయనకు పక్కవారి భాష నేర్వడం వల్ల తెలుగు మీద ప్రేమ తగ్గలేదు.

పండుగలు, భోజనాలు

కలిసి పనిచేసేవారిని ఇంటికి పిలిచేటప్పుడు పంచాంగం చూసుకోవడం అవసరం. మన కార్తికం దీపావళి అమావాస్య మరునాడు మొదలై అమావాస్యతో ముగుస్తుంది. ఒడియావారి నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక, వారి కార్తికం మనకంటే దాదాపు పదిహేను రోజుల ముందే మొదలై కార్తిక పౌర్ణమితో అయిపోతుంది. అందుచేత దీపావళికి ముందు, మనకు ఇంకా ఆశ్వయుజమే కదా అని కోడికూర వండి పిలిస్తే, వచ్చిన ఒడియా స్నేహితుడు విస్తరి ముందు ఇబ్బంది పడతాడు. కార్తికం పాటించేవారు ఆ నెలంతా మాంసం ముట్టరు. మిగతావారిలో చాలామంది చివరి ఐదు రోజుల పంచుకనైనా నిష్ఠగా ఉంటారు. పౌర్ణమి వెళ్లాక 'ఛాడఖాయి' పేరుతో వారు మళ్లీ మాంసం తినే రోజున మన ఇళ్లలో ఇంకా కార్తిక నియమాలు నడుస్తుంటాయి. ఆ రోజు వారు పిలిస్తే, మీరు నియమం పాటిస్తున్నట్లయితే, భోజనానికి కూర్చున్నాక చెప్పడం కంటే పిలిచినప్పుడే "మా కార్తికం ఇంకా ముగియలేదు" అని చెప్పడం ఇద్దరికీ మేలు.

మార్గశిర లక్ష్మివారాలను మాత్రం ఉభయులూ భక్తితో జరుపుకుంటారు. వారు 'మాణబసా గురుబార' అంటారు, వాకిట ముగ్గులు వేసి అమ్మవారి పాదాలు దిద్దుతారు. ఆ రోజుల్లో పొరుగింటి ప్రసాదం వస్తే గిన్నెను ఖాళీగా తిప్పి పంపకండి. ఉగాదికి మన పచ్చడి పంపినవారు, ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే వారి సంవత్సరాది పణా సంక్రాంతినాడు వారింటికి వెళ్లి పానకం పుచ్చుకుని "నూఆ బర్ష శుభేచ్ఛా" (కొత్త సంవత్సర శుభాకాంక్షలు) అని చెప్పి రండి.