భవనం మీద వెలుగు బొమ్మ: ప్రొజెక్షన్ మ్యాపింగ్ ప్రదర్శనకు ఏం కావాలి, ఏది ముందు చేయాలి

థీమ్ పార్కుల్లో రాత్రి వేళ కోట గోడలు కరిగిపోతున్నట్టు, కిటికీల్లోంచి తీగలు పాకి వస్తున్నట్టు కనిపించే ప్రదర్శనలు చూసి వచ్చినవారికి మన ఊళ్లోనూ అలాంటిదొకటి పెట్టాలనిపించడం సహజం. కట్టడం ఆకారానికి సరిగ్గా కుదిరేలా ప్రొజెక్టర్‌తో దాని మీద బొమ్మలు వేయడాన్నే ప్రొజెక్షన్ మ్యాపింగ్ అంటారు. విజయవాడలో, గుంటూరులో కాలేజీ ఉత్సవాలకో, ఊరంతా కదిలివచ్చే వేడుకలకో దీన్ని తలపెట్టేవారు సాధారణంగా ముందు యానిమేషన్ చేసేవారిని వెతుకుతారు, తర్వాత ప్రొజెక్టర్ అద్దె కనుక్కుంటారు, వేడుకకు ఒకటి రెండు రోజుల ముందు గోడ దగ్గరికి వెళతారు. ఈ వరుస తలకిందులైనది. ముందు గోడను ఎంచుకోవాలి, తర్వాత అక్కడి చీకటిని చూసుకోవాలి, ఆపైన కొలతలు తీయాలి. ఈ మూడూ తేలేవరకు బొమ్మ జోలికి పోకూడదు.

థీమ్ పార్కుల పని తీరు కొంత తెలుసుకుంటే ఈ మాటలో నిజం అర్థమవుతుంది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో, పాడుతున్న మనుషుల ముఖాలను ఫిల్మ్ మీద తీసి, రాతి విగ్రహాల్లా మలిచిన ముఖాల మీద సరిగ్గా పడేలా వేశారు. విగ్రహం ముక్కు మీద బొమ్మలోని ముక్కు పడాలన్నదే అక్కడి సూత్రం. కోటంత భవనం మీదైనా సూత్రం మారదు. 2011లో ఫ్లోరిడాలోని సిండ్రెల్లా కోట మీద, ఆ రోజు పార్కుకు వచ్చినవారి ఫొటోలనే కలిపి ప్రదర్శన నడిపారు. ఆ కోట ఎత్తు 189 అడుగులు. అయితే పార్కువారికి మనకు లేని సౌకర్యాలున్నాయి. చుట్టుపక్కల దీపాలన్నీ వారి చేతిలోనే ఉంటాయి, ప్రొజెక్టర్లకు శాశ్వతమైన గదులుంటాయి, అదే ప్రదర్శనను రోజూ నడుపుతారు కాబట్టి లోపాలను తీరికగా సరిదిద్దుకుంటారు. ఒకటి రెండు రాత్రులే దొరికే మనం ఆ సౌకర్యాల లోటును ముందస్తు తయారీతో పూడ్చుకోవాలి.

గోడ విషయంలో రంగు, నునుపు, ఆకారం చూడాలి. సున్నం వేసిన తెల్లని గోడ, లేత గోధుమ రంగు గోడ, మెరుపు లేని పాత సిమెంటు గోడ వెలుగును బాగా తిప్పి పంపుతాయి. అద్దాలు, మెరిసే ప్యానెళ్లతో కట్టిన కొత్త భవనాలు పగలు ఎంత ఘనంగా కనిపించినా ఈ పనికి దాదాపు పనికిరావు. అద్దం వెలుగును లోపలికి పోనిస్తుంది, మెరిసే ప్యానెల్ దాన్ని ఒకే దిక్కుకు విసిరేస్తుంది. నల్లరాయి వెలుగును మింగేస్తుంది. ఆకారానికి వస్తే స్తంభాలు, కమానులు, వరుస కిటికీలు, పిట్టగోడ అంచులు ఉన్న పాత కాలేజీ భవనం, ఏ అలంకారమూ లేని బల్లపరుపు గోడ కంటే ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే బొమ్మకు పట్టు దొరికేది ఆ గీతల దగ్గరే. మంగళగిరిలోని పదకొండు అంతస్తుల, 153 అడుగుల గాలిగోపురం వంటి నిలువు కట్టడాన్ని తలచుకునేవారు, అడ్డంగా ఉండే చిత్రంలో అధికభాగం గోపురానికి ఇరువైపులా ఆకాశంలోకి పోతుందని గుర్తుంచుకోవాలి. అలాంటిచోట నిలువుగా తిప్పి బిగించడానికి వీలైన లేజర్ ప్రొజెక్టర్లనే ఎంచుకోవాలి. అంతకంటే ముందు ఆలయ అధికారుల సమ్మతి ఉండాలి. ఉండవల్లి గుహల వంటి రక్షిత కట్టడాలైతే పురావస్తు శాఖ అనుమతి లేనిదే తలపెట్టకూడదు.

ఎంచుకున్న గోడను పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తప్పనిసరిగా చూడాలి. గోడకు అడ్డంగా పోయే కేబుల్ టీవీ తీగలు, ముందున్న వేపచెట్టు కొమ్మ, ఎప్పుడో కట్టి వదిలేసిన ఫ్లెక్సీ చట్రం, గోడకు బిగించిన ఏసీ యూనిట్లు పగలు తెలుస్తాయి. గోడను ఆనుకుని పోయే తీగ వెలుగు పడగానే నల్లని గీతగా తేలుతుంది. రాత్రి తెలిసేది అసలైన ఇబ్బంది: వీధి దీపాలు, ఎదురుగా ఉన్న దుకాణాల ఎల్‌ఈడీ బోర్డులు, ప్రహరీ మీది ఫ్లడ్ లైట్లు. గోడ మీద ఎంత వెలుగు పడుతోందో లక్స్‌లలో చూపే చవకైన లక్స్ మీటర్ ఒకటి కొని, గోడకు ఆనించి, గోడ పొడవునా నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోవాలి. ఫోను యాప్‌లు స్థూలంగా చెప్పగలవే గాని వాటిని నమ్మి ప్రొజెక్టర్ తెప్పించడం మంచిది కాదు.

ఆ అంకె ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో ఒక పాత రెండంతస్తుల కాలేజీ భవనం ముఖభాగం 27 మీటర్ల వెడల్పు, సుమారు 9 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. అంటే దాదాపు 90 అడుగులు, 30 అడుగులు. దీనికి 20,000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెలువరించే మొత్తం వెలుగుకు కొలత) ప్రొజెక్టర్లు రెండు పక్కపక్కన పెడితే, ఒక్కొక్కటి 15 మీటర్ల వెడల్పు వేస్తూ, మధ్యలో 3 మీటర్ల మేర ఒకదానిపై ఒకటి కలుస్తాయి. ఆ కలిసే భాగంలో రెండింటి వెలుగును క్రమంగా తగ్గించి అతుకు కనిపించకుండా చేయడాన్నే బ్లెండింగ్ అంటారు. చిత్రం వెడల్పులో ఐదో వంతు అందుకు సరిపోతుంది. 1920 × 1200 పిక్సెళ్ల ప్రొజెక్టర్ 15 మీటర్ల వెడల్పు వేస్తే ఎత్తు 9.4 మీటర్లు వస్తుంది, వైశాల్యం సుమారు 140 చదరపు మీటర్లు. 20,000ను 140తో భాగిస్తే గోడ మీద పడేది సుమారు 143 లక్స్. చిత్రాన్ని గోడకు సరిపడేలా వంచడంలోనూ, లెన్స్‌లోనూ పోయేది తీసేస్తే 100 లక్స్ మిగులుతుందని లెక్కవేసుకోవడం క్షేమం. గోడ మీద ముందే 10 లక్స్ వీధి వెలుగు ఉంటే తెలుపుకూ నలుపుకూ తేడా పదకొండు రెట్లుంటుంది, బొమ్మ నిండుగా కనిపిస్తుంది. అదే ఫ్లడ్ లైట్ల వల్ల 40 లక్స్ ఉంటే ఆ తేడా మూడున్నర రెట్లకు పడిపోయి, బొమ్మ వెలిసిపోయిన చీరలా తేలిపోతుంది. అలాంటి పరిస్థితిలో ఇంకో ప్రొజెక్టర్ అద్దెకు తేవడం కంటే, ఎనిమిది నిమిషాల పాటు నాలుగు ఫ్లడ్ లైట్లు ఆర్పించడానికి కార్పొరేషన్ వారిని ఒప్పించడం ఎంతో చవక. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో పెట్టిన శ్రమకు ఇంతకు మించిన ఫలితం మరెక్కడా దొరకదు.

లెన్స్ లెక్క సులభం. దూరాన్ని చిత్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో నిష్పత్తి. 1.2 లెన్స్‌తో 15 మీటర్ల వెడల్పు కావాలంటే ప్రొజెక్టర్ గోడకు 18 మీటర్ల దూరంలో ఉండాలి. అంత చోటు లేకపోతే 0.8 లెన్స్‌తో 12 మీటర్లు చాలు, కాని అద్దె పెరుగుతుంది. బుక్ చేసేటప్పుడు ప్రొజెక్టర్ మోడల్‌తో పాటు లెన్స్ నంబరు కూడా కాగితం మీద రాయించుకోవాలి. ప్రొజెక్టర్ సరైనదే వచ్చి లెన్స్ మరొకటి వస్తే ఆ రాత్రి చేయగలిగింది ఏమీ ఉండదు.

కొలతలకు రెండు దారులున్నాయి. మొదటిది, భవనాన్ని అన్ని కోణాల నుంచీ, ఒక ఫొటోలోని దృశ్యంలో సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ ఉండేలా, మబ్బు పట్టిన పూట నీడలు లేకుండా ఫొటోలు తీసి, ఫొటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ నమూనా తయారు చేసుకోవడం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ నమూనా ముందు, నిజమైన ప్రొజెక్టర్ ఉండబోయే దూరంలోనూ ఎత్తులోనూ ఒక కెమెరాను పెట్టి, ఆ చూపులోంచే బొమ్మలు చేయవచ్చు. లేజర్ మీటర్‌తో కొలిచిన నాలుగైదు నిజమైన దూరాలతో నమూనాను సరిచూసుకోకపోతే అది అందంగా ఉంటుంది గాని కొలతకు నిలవదు. రెండో దారి పాతది, చిన్న బడ్జెట్‌కు సరిపోయేది: ప్రొజెక్టర్‌ను అసలు స్థానంలో పెట్టి, చీకటి పడ్డాక, గోడ మీద పడుతున్న మౌస్ బాణాన్నే చూస్తూ కిటికీల అంచులను, స్తంభాలను, పిట్టగోడను ఒక్కొక్కటిగా గీసుకోవడం. మ్యాడ్‌మ్యాపర్, రెజొల్యూమ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఇది కొన్ని గంటల్లో అయిపోతుంది. అయితే ఆ గీతలు ఆ చోటికే చెల్లుతాయి కనుక స్టాండు కాళ్లు ఆనిన చోట పెయింటుతో గుర్తులు పెట్టి, లెన్స్ జూమ్, షిఫ్ట్ (చిత్రాన్ని పైకీ కిందికీ, పక్కలకూ జరిపే అమరిక) అంకెలను రాసి ఉంచాలి.

ఇక బొమ్మ. మన ఉదాహరణలో మొత్తం చిత్రం 3456 × 1200 పిక్సెళ్లు, గోడ మీద ఒక్కో పిక్సెల్ సుమారు 8 మిల్లీమీటర్లు. మొదట చేయవలసింది కథ కాదు, పరీక్ష చిత్రం: నల్లని నేపథ్యం మీద భవనం గీతలన్నీ తెల్లగా, కిటికీలు ఒక్కోటి ఒక్కో రంగులో. నలుపు అంటే వెలుగు లేకపోవడమే కాబట్టి చిత్రంలో నల్లగా వదిలిన ప్రతి చోటా భవనం తన సహజ రూపంలో ఉంటుంది. ఆ నలుపును ధారాళంగా వాడినవారి ప్రదర్శనే లోతుగా కనిపిస్తుంది. అంచు నుంచి అంచుకు వీడియో నింపి ఆడించడం గోడను సినిమా తెరగా మార్చడమే, దానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. స్తంభాలు ఒక్కొక్కటిగా వెలగడం, కమాను లోపల నీడ కదలడం, ఇటుకలు ఊడి పడ్డట్టు కనిపించడం, ఇలా భవనానికే ఏదో జరుగుతున్నదనిపించే దృశ్యాలు ఎక్కువగా ఉండాలి. స్థానికమైన రూపాలు కావాలంటే దూరం వెతకనక్కర్లేదు: అమరావతి శిల్పాల్లోని గుండ్రని పద్మాలు గుండ్రని వెంటిలేటర్ల మీద చక్కగా ఒదుగుతాయి, కొండపల్లి బొమ్మల ముదురు రంగులు లేత గోడ మీద బాగా పలుకుతాయి. గోడ లోపలికి గుంట పడినట్టు చూపే భ్రమలు ఒక్క చోటి నుంచి చూసేవారికే సరిగ్గా కుదురుతాయి, పక్కలకు నిలబడిన వారికి వంకరగా కనిపిస్తాయి కనుక వాటిని మితంగా వాడాలి.

అక్షరాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి; గరుకు గోడ మీద సన్నని తలకట్టు మొదట మాయమవుతుంది, ఆ తర్వాత ఒత్తు అతుక్కుపోతుంది. అందువల్ల మందమైన ఫాంటు ఎంచుకుని, ఒత్తుతో కలిపి అక్షరం ఎత్తు కనీసం మీటరు ఉండేలా, కిటికీలు లేని పట్టీ మీద మాత్రమే వేయాలి. ఒకేసారి నాలుగైదు మాటలకు మించకూడదు. ముఖ్య అతిథుల పేర్ల జాబితా గోడకెక్కించాలని ఎవరో ఒకరు అడిగే తీరతారు. దానికి వేదిక పక్కన ఎల్‌ఈడీ తెర ఉందని మర్యాదగా చెప్పి తప్పించుకోవాలి.

నిడివి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఎనిమిది నిమిషాలంటే 14,400 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము తయారవడానికి కంప్యూటర్ ఒక్క నిమిషం తీసుకున్నా పది రోజులు పడుతుంది. చివరి వారంలో మార్పులు చెప్పేవారికి ఈ లెక్క ముందే చూపించాలి.

ప్రొజెక్టర్ నిలబెట్టే టవర్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రదర్శనలు చెడేది ఎక్కువగా ఇక్కడే. 18 మీటర్ల దూరం నుంచి బొమ్మ ఒక పిక్సెల్ జరగడానికి ప్రొజెక్టర్ డిగ్రీలో నలభయ్యో వంతు కదిలితే చాలు. ఎండ రాకుండా కట్టే షామియానాను టవర్‌కే తాడుతో బిగించడం మన పందిళ్లవారి అలవాటు. గాలి వీచినప్పుడల్లా ఆ గుడ్డ తెరచాపలా లాగి టవర్‌ను ఊపుతుంది, గోడ మీద కిటికీ గీతలు వణుకుతాయి. షామియానాకు వేరే గుంజలు పాతించాలి, ప్రదర్శన వేళ టవర్ మీదికి ఎవరినీ ఎక్కనివ్వకూడదు. మే నెలలో విజయవాడ ఎండకు మూసిన గుడారంలో ఉన్న ప్రొజెక్టర్ వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది కాబట్టి వేడి గాలి బయటికి పోయే దారి తెరిచి ఉంచాలి. తొలకరి పడిన సాయంత్రాల్లో ఇంకో బెడద ఉంది. ఉసిళ్లు వెలుగుకు ఎగబడి లెన్స్ ముందు మసక చుక్కలుగా తిరుగుతాయి, రెక్కలు రాలి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి. గోడకు వెలుగు తగలని పక్కన, టవర్‌కు దూరంగా, నేల మీద ఒక దీపాన్ని ముందుగానే వెలిగించి ఉంచితే చాలావరకు అటు మళ్లుతాయి. వీలుంటే డిసెంబరు, జనవరి నెలలు పెట్టుకోవడం ఉత్తమం. అప్పుడు త్వరగా చీకటి పడుతుంది, గాలి పొడిగా ఉంటుంది.

కరెంటు విషయంలో ప్రొజెక్టర్లకూ కంప్యూటర్‌కూ కలిపి ఒక ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోయినా క్షణం కూడా ఆగకుండా సరఫరా ఇచ్చేది), వాటికి సౌండ్ సిస్టమ్‌తో సంబంధం లేని లైను ఉండాలి. ఎర్తింగ్ చూపించుకున్న తర్వాతే స్విచ్ వేయాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేము, అంతకు మించితే ఫైబర్ వాడాలి. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక 70 మీటర్ల వెనక నిలబడినవారికి దెబ్బ కనిపించిన ఐదో వంతు సెకనుకు గాని శబ్దం వినిపించదు. మధ్య వరుసలకు సరిపోయేలా శబ్దం సెకనులో పదో వంతు ముందుగా వెలువడేలా జరిపితే రెండు కొసలకూ ఇబ్బంది తగ్గుతుంది.

పోలీసు, అగ్నిమాపక, కార్పొరేషన్ అనుమతులతో పాటు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలను గుర్తుంచుకోవాలి: రాత్రి పది దాటితే బహిరంగ స్థలంలో లౌడ్ స్పీకర్లు వాడకూడదు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. పెద్ద లేజర్ ప్రొజెక్టర్ వెలుగులోకి దగ్గర నుంచి నేరుగా చూడటం కంటికి ప్రమాదం. టవర్‌కూ గోడకూ మధ్య స్థలాన్ని పూర్తిగా ఖాళీగా ఉంచి, బారికేడ్లు కట్టి, ప్రేక్షకులను టవర్‌కు వెనకా పక్కలా నిలపాలి. పిల్లలు గోడ మీద తమ నీడ చూసుకోవడానికి పరుగెత్తుకొస్తారు, అందుకని ఇద్దరు వలంటీర్లను అక్కడే పెట్టాలి.

సరిచూసే పని ముందు రాత్రే మొదలుపెట్టాలి. ప్రొజెక్టర్లు వెలిగించిన అరగంట తర్వాతే పరీక్ష చిత్రాన్ని గోడ గీతలకు కలపాలి, లెన్స్ వేడెక్కేకొద్దీ బొమ్మ స్వల్పంగా జరుగుతుంది. పగటి ఎండకు టవర్ ఇనుము కూడా వ్యాకోచిస్తుంది కనుక మర్నాడు సాయంత్రం మళ్లీ ఒకసారి చూసుకోక తప్పదు. నవంబరులో ఇక్కడ ఐదున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్ చివర్లో ఆరూ ముప్పావు అవుతుంది. అస్తమయం తర్వాత ముప్పావు గంట గడిచేదాకా ప్రదర్శన మొదలుపెట్టకూడదు. ఆ మధ్యలో దొరికే అరగంటలో పరీక్ష చిత్రం మసకగానైనా కనిపిస్తుంది, ఆఖరి సవరణలకు అదే సమయం. బొమ్మ ముగిసిన వెంటనే జనం చీకట్లో కదులుతారు కాబట్టి, చివరి ఫ్రేము నల్లబడగానే మైదానం దీపాలు వేయడానికి ఒక మనిషి స్విచ్ దగ్గరే నిలబడి ఉండాలి, ఆ మనిషికి మరే పనీ అప్పగించకూడదు.