ఆడుతూ మాట్లాడదాం – 3వ పాఠం: గొంతు

వీడియో గేమ్ ఆడుతూ మాట్లాడే వీడియోల కోసం, ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆట తెరను రికార్డ్ చేయడం గత పాఠంలో చూశాం. ఈసారి గొంతు సంగతి చూద్దాం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట సరిగా వినపడకపోతే మాత్రం వెంటనే వేరే వీడియోకి వెళ్లిపోతారు. అందుకే కొత్త గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు మైకు గురించి ఆలోచించమంటాను.

ఖరీదైనదే ఉండాలని లేదు. మామూలు హెడ్‌సెట్ మైకు చాలు. అది సరిగ్గా నోటి ముందు ఉంటే ప, భ, ఫ పలికినప్పుడల్లా గాలి తగిలి 'బుస్' మంటుంది, కాబట్టి కాస్త పక్కకు జరపండి. బల్ల మీద పెట్టే మైకైతే జానెడు దూరంలో ఉంచండి. కార్డియాయిడ్ రకం మైకు వెనక వైపు శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. అందుకని కీబోర్డు, ఫ్యాను దాని వెనక వైపు ఉండేలా చూసుకోండి. ఆట శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌లోనే వినండి. స్పీకర్లు పెడితే అదంతా మళ్లీ మైకులోకి దూరుతుంది.

ఇక ఈ పాఠంలో అసలు పని: మీ గొంతునీ ఆట శబ్దాన్నీ వేర్వేరు ట్రాకులుగా, అంటే ఒకే ఫైల్లో విడివిడి శబ్దాలుగా, రికార్డ్ చేయడం. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కి వెళ్లి, మోడ్‌ను అడ్వాన్స్‌డ్‌కి మార్చి, రికార్డింగ్ ట్యాబ్‌లో 1, 2, 3 ట్రాకులకు టిక్ పెట్టండి. తర్వాత ఆడియో మిక్సర్ నుంచి అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరవండి. 1వ ట్రాకులో రెండూ, 2లో మైకు ఒక్కటే, 3లో ఆట ఒక్కటే ఉండేలా టిక్కులు సరిచేయండి. చాలా ప్లేయర్లు మొదటి ట్రాకునే వినిపిస్తాయి కాబట్టి దాన్ని కలిపి ఉంచుతున్నాం. మిగతా రెండూ ఎడిటింగ్‌కి. మీరు ముఖ్యమైన మాట చెబుతుండగా బాంబు పేలిందనుకోండి. ట్రాకులు విడిగా ఉంటే అక్కడ ఆట శబ్దం ఒక్కటే తగ్గించవచ్చు. కలిసిపోయాక శుభ్రంగా విడదీయడం చాలా కష్టం.

ఫైలు ఎంకేవీ రకంలో పెట్టుకోండి. మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినా అప్పటిదాకా రికార్డ్ అయిన భాగం దక్కుతుంది.

మిక్సర్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల గీత కనిపిస్తుంది కదా, మామూలుగా మాట్లాడినప్పుడు అది పసుపులో, అంటే -20 డెసిబెల్స్‌కి -9 డెసిబెల్స్‌కి మధ్య ఆడాలి. కొత్తవాళ్లు నెమ్మదిగా "హలో, హలో" అని చూసుకుని సరిపోయిందనుకుంటారు. ఆటలో బాస్, అంటే పెద్ద శత్రువు, ఎదురైనప్పుడు పెట్టే కేక వేరు! ఆ కేకతోనే సరిచూడండి. అప్పుడు కూడా గీత 0ని తాకకూడదు. తాకిన చోట గొంతు పగిలిపోతుంది, దాన్ని బాగుచేయడం దాదాపు కుదరదు.

సరే, ఏం మాట్లాడాలి? "తలుపు తీస్తున్నా, లోపలికి వెళ్తున్నా" అనకండి, అది తెర మీద కనిపిస్తూనే ఉంది. కనిపించనిది మీ ఆలోచన. "ఎడమ తలుపు వదిలేస్తున్నా, హెల్త్ సగమే ఉంది, ఇప్పుడు చస్తే మళ్లీ వంతెన దగ్గర్నుంచి ఆడాలి" అనండి. చూసేవాళ్లకీ టెన్షన్ మొదలవుతుంది. ఆ తలుపు వెనక ఏముందో వాళ్లకీ తెలుసుకోవాలనిపిస్తుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో సొరంగం తవ్వడంలాంటి చప్పటి భాగాలు మాటకు మంచి చోటు. "వజ్రాలు లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కువ దొరుకుతాయి, కానీ అట్టడుగున తవ్వలేని బెడ్‌రాక్ రాయి అడ్డం, అందుకే దానికి కాస్త పైన తవ్వుతున్నా" అని చెప్పారంటే, చూసేవాళ్లకు ఒక విషయం తెలుస్తుంది, మీకూ నోరు ఖాళీగా ఉండదు. పాత్రలు మాట్లాడుకునేటప్పుడు మాత్రం దయచేసి ఆగండి. కథ వినడానికి వచ్చినవాళ్లకు ఆ రెండు నిమిషాలూ ఎంతో విలువైనవి.

ఈ వారం అభ్యాసం: మీకు బాగా అలవాటైన ఆట ఒక పది నిమిషాలు మాట్లాడుతూ రికార్డ్ చేయండి. కొత్త ఆట వద్దు, ధ్యాసంతా ఆటే లాగేసుకుంటుంది. మర్నాడు తెర చూడకుండా, ఫోన్ స్పీకర్లో సౌండ్ తగ్గించి వినండి. ఆటలో ఏం జరుగుతోందో, మీరు ఏం నిర్ణయించారో, ఎందుకో అర్థం కాని చోటల్లా సమయం రాసుకోండి. ఆ చీటీ దాచిపెట్టండి, 4వ పాఠంలో కత్తిరింపు అక్కడి నుంచే మొదలుపెడదాం.