పాత యూరప్ సైనిక కత్తి ఏ దేశానిదో తేల్చే ముందు జాగ్రత్తలు

తుప్పు కనబడగానే గరుకు కాగితం తీయకండి. ఏ దేశానిదో చెప్పే ముద్రలు చాలావరకు వెంట్రుకవాసి లోతే ఉంటాయి, రుద్దితే ముందు పోయేవి అవే. మెత్తని గుడ్డ, రెండు చుక్కల మెషిన్ నూనె చాలు.

పిడి ఊడదీయొద్దు. చాలా కత్తుల్లో బ్లేడు తోకను (పిడి లోపలికి వెళ్లే సన్నని భాగాన్ని) పిడి తలమీద సుత్తితో సాగగొట్టి బిగించేశారు.

టార్చిని ఏటవాలుగా పట్టి ముందు బ్లేడు వెన్ను (పదును లేని అంచు) చదవండి. ఫ్రెంచి కత్తులపై క్లింగెంతాల్ లేదా షాటెల్‌రో కార్ఖానా పేరు, నెల, సంవత్సరం ఉండొచ్చు. ప్రష్యన్ (పాత జర్మన్ రాజ్యం ప్రష్యా) వాటిపై కిరీటం, కింద రాజు పేరులోని మొదటి అక్షరం, రెండంకెల ఏడాది.

'జోలింగెన్' అనే జర్మన్ ఊరి పేరు కనిపిస్తే జర్మన్ సైన్యానిదేనని రాసేయకండి. ఆ ఊరు ఎన్నో దేశాలకు బ్లేడ్లు అమ్మింది. ఆకారమూ మోసం చేస్తుంది: బ్రిటిష్ 1796 తేలికపాటి అశ్వదళ కత్తిని చూసే ప్రష్యా 1811 నమూనా చేసింది. ఒర మీద, గార్డు (చేతికి అడ్డుగా ఉండే భాగం) మీద నంబర్లు కలవలేదా? రెండు కత్తుల ముక్కలు కలిపి ఉండొచ్చు.