ఈమాక్స్ నేర్చుకుందాం – 5: డైరెడ్‌లో ఫైళ్ల మధ్య తిరగడం

పోయిన పాఠంలో విండోను రెండుగా చీల్చడం, కంట్రోల్-ఎక్స్ నొక్కి ఓ నొక్కితే పక్క విండోలోకి వెళ్లడం నేర్చుకున్నాం. అది చేతికి అలవాటయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈరోజు దానితో చాలా పని ఉంది. డైరెడ్ అంటే, మనం రాసుకోవడానికి వాడే ఈమాక్స్ ప్రోగ్రామ్ లోపలే ఫోల్డర్‌లోని ఫైళ్లను చూసి, సర్దుకునే చోటు.

ముందుగా ఒక మాట. నేను "డీ" అని రాస్తే చిన్నక్షరం, "పెద్ద డీ" అని రాస్తే షిఫ్ట్‌తో కలిపి నొక్కేది. డైరెడ్‌లో ఈ తేడా చాలా ముఖ్యం. చిన్న డీ ఫైలు మీద తీసెయ్యమని గుర్తు మాత్రమే పెడుతుంది. పెద్ద డీ అప్పటికప్పుడే తీసెయ్యడానికి సిద్ధమై "సరేనా?" అని అడుగుతుంది. అందుకే "అభ్యాసం" అని ఒక ఫోల్డర్ చేసుకుని, పోయినా బాధ లేని పది ఫైళ్లు అందులోకి కాపీ చేసుకోండి. పాఠమంతా అక్కడే చేద్దాం.

కంట్రోల్-ఎక్స్ నొక్కి, వదిలి, డీ నొక్కండి. ఫోల్డర్ పేరు అడుగుతుంది. ఇచ్చి ఎంటర్ కొడితే ఫైళ్ల జాబితా వస్తుంది. పేరుకు ముందు అనుమతులు, సైజు, తేదీ కనబడి మొదట్లో కంగారు పెడతాయి. గుండ్రటి ఎడమ బ్రాకెట్ నొక్కితే అవి దాక్కుని పేర్లు మాత్రం మిగులుతాయి. మళ్లీ అదే నొక్కితే తిరిగి వస్తాయి.

ఇక్కడ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే మిగతాదంతా తేలిక. మీ ముందున్నది మామూలు ఈమాక్స్ పేజీ. ఫోల్డర్‌ని అది అక్షరాలుగా రాసి చూపిస్తోంది, అంతే. కాబట్టి రెండో పాఠంలో నేర్చుకున్న వెతుకులాట, కంట్రోల్-ఎస్, ఇక్కడా పనిచేస్తుంది. ఐదువందల ఫైళ్ల ఫోల్డర్‌లో కావలసినదాని కోసం కిందకీ మీదకీ జరుపుకుంటూ కూర్చోనక్కర్లేదు. పేరులో నాలుగక్షరాలు కొడితే కర్సర్ అక్కడ వాలుతుంది.

తిరగడానికి ఎన్ కిందకి, పీ పైకి. ఎంటర్ కొడితే ఫైలు తెరుచుకుంటుంది, ఫోల్డరైతే లోపలికి వెళ్తాం. పైఫోల్డర్‌లోకి రావడానికి ఆరు అంకె మీదుండే టోపీ గుర్తు. చాలనుకుంటే క్యూ.

ఎంటర్ ఒక్కటే నేర్చుకుని ఆగిపోయేవాళ్లు చాలామంది. దయచేసి అక్కడ ఆగొద్దు. ఓ నొక్కి చూడండి, ఫైలు పక్క విండోలో తెరుచుకుని కర్సర్ కూడా అక్కడికే వెళ్తుంది. కంట్రోల్-ఓ నొక్కితే ఫైలు పక్కన కనిపిస్తుంది, మీరు మాత్రం జాబితాలోనే ఉంటారు. ఇక ఎన్, కంట్రోల్-ఓ, ఎన్, కంట్రోల్-ఓ అంటూ పది ఫైళ్లను పుస్తకం పేజీలు తిప్పినట్టు చూసేయవచ్చు. "ఆ పేరా ఏ ఫైల్లో రాశానబ్బా" అనే టెన్షన్ నాకు దీనితోనే తీరింది.

ఎదురు దారి కూడా ఉంది. ఏదో ఫైల్లో రాసుకుంటున్నారు, దాని పక్కన ఇంకేం ఉన్నాయో చూడాలి. కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-జే. ఆ ఫైలున్న ఫోల్డర్ తెరుచుకుని, కర్సర్ సరిగ్గా ఆ ఫైలు పేరు మీదే నిలబడుతుంది. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి ఇది ఏ సెట్టింగూ లేకుండా పనిచేస్తుంది. రోజుకి నేను ఎక్కువసార్లు వాడే షార్ట్‌కట్ ఇదే.

ఇక గుర్తులు. తీసెయ్యాల్సిన ఫైలు మీద డీ నొక్కండి. వరుస మొదట్లో పెద్ద డీ అక్షరం పడుతుంది. ఫైలుకి ఇంకా ఏమీ కాలేదు. మనసు మారితే యూ నొక్కండి, గుర్తు పోతుంది. అన్నీ చూసుకున్నాక ఎక్స్ నొక్కితే, ఏయే ఫైళ్లు పోతాయో జాబితా చూపించి, ఒప్పుకుంటేనే తీసేస్తుంది. ఒకప్పుడు మౌస్‌తో ఫైళ్లు ఎంచి తీసేస్తుంటే వేలు జారి నా నోట్సు ఫోల్డర్ మొత్తం పోయింది. ముందు గుర్తు పెట్టి, చూసుకుని, తర్వాత చేసే ఈ పద్ధతి విలువ నాకు అప్పుడే తెలిసింది. కానీ జాగ్రత్త: మామూలుగా ఈమాక్స్ తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు, పూర్తిగా పోతుంది. ఆల్ట్-ఎక్స్ నొక్కి "కస్టమైజ్-వేరియబుల్" అని, తర్వాత "డిలీట్-బై-మూవింగ్-టు-ట్రాష్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, దాన్ని ఆన్ చేసి, అప్లై అండ్ సేవ్ నొక్కండి. ఈ పని ఈరోజే చేయండి.

ఎం నొక్కితే నక్షత్రం గుర్తు పడుతుంది. కొన్ని ఫైళ్లకు పెట్టి, పెద్ద సీ నొక్కితే అన్నీ కాపీ, పెద్ద ఆర్ నొక్కితే అన్నీ వేరే ఫోల్డర్‌కి. ఒక్క ఫైలు మీదే పెద్ద ఆర్ నొక్కితే కొత్త పేరు ఇవ్వచ్చు. పేరు మార్చడం, చోటు మార్చడం ఇక్కడ ఒకటే పని. మూడు ఉంచి మిగతావన్నీ తీసెయ్యాలంటే ఆ మూడింటికీ ఎం పెట్టి, టీ నొక్కండి. గుర్తులు తారుమారవుతాయి, అప్పుడు పెద్ద డీ. గుర్తులన్నీ ఒకేసారి చెరపడానికి పెద్ద యూ.

రెండు విండోల్లో రెండు ఫోల్డర్లు తెరిచినప్పుడు, కాపీ ఎక్కడికి అని ఈమాక్స్ అడగకముందే పక్క ఫోల్డర్‌ని ఊహించి చూపించాలంటే "డైరెడ్-డ్విమ్-టార్గెట్" అనే దాన్ని ఇందాకటిలాగే ఆన్ చేసుకోండి. డ్విమ్ అంటే "నేననుకున్నది చెయ్యి" అని.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇది. నాన్నగారి పాత ఉత్తరాలు స్కాన్ చేస్తే 140 ఫైళ్లు వచ్చాయి. అన్నిటి పేర్లూ "స్కాన్" అని మొదలై, చివర ఒక అంకె. ఒక్కొక్కదానికి పేరు మార్చాలంటే ఒక పూట పడుతుంది. డైరెడ్‌లో కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ నొక్కాను. జాబితా దిద్దుకునే పేజీగా మారిపోయింది! ఆల్ట్‌తో ఎడమ కోణం గుర్తు నొక్కి పేజీ మొదటికి వెళ్లి, ఆల్ట్‌తో పర్సంట్ గుర్తు నొక్కి, "స్కాన్" బదులు "ఉత్తరం" పెట్టమన్నాను. ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆశ్చర్యార్థకం నొక్కితే మిగతావన్నీ ఒక్కసారే మారాయి. పేజీలో పేర్లు మారినా డిస్కులో ఇంకా పాతవే. కంట్రోల్-సీ రెండుసార్లు నొక్కాకే అవి ఖాయమయ్యాయి. వద్దనుకుంటే కంట్రోల్-సీ, కంట్రోల్-కే నొక్కి వదిలేయవచ్చు.

పేరు తెలుగులోనే కొట్టాలంటే కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత నొక్కి, పద్ధతి పేరు అడిగినప్పుడు "తెలుగు-ఐట్రాన్స్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. అదే కీ మళ్లీ నొక్కితే మామూలవుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ ఫోల్డర్‌లోని పది ఫైళ్లలో ఐదింటికి తెలుగు పేర్లు పెట్టండి, పెద్ద ఆర్ వాడకుండా. రెండింటికి డీ పెట్టి, ఒకదాని గుర్తు యూతో చెరిపేసి, ఎక్స్ నొక్కండి. మిగిలిన తొమ్మిదింటినీ కంట్రోల్-ఓతో వరుసగా చూడండి. చెయ్యి మౌస్ మీదకి వెళ్తే మళ్లీ మొదటినుంచి చేయండి.